మూడు చుట్ల బోల్టు

పద్మిని బరంపురంలో కార్లకు హంగులు అమర్చే షాపులో పదకొండేళ్లు మెకానిక్కుగా పనిచేసింది. ఆ పదకొండేళ్లలోనూ షాపులోకి వచ్చిన ప్రతి కొత్త మనిషీ ఆమె చేతిలో పానా చూస్తూనే, "మిస్త్రీ ఎక్కడ?" అని అడిగేవాడు. కొందరు ఒడియాలో, కొందరు తెలుగులో. మొదట్లో ఆమె నవ్వి "నానే" అనేది. తర్వాత నవ్వడం మానేసింది. ఆఖరికి జవాబు చెప్పడం కూడా మానేసి, బానెట్ ఎత్తి పని మొదలుపెట్టేది.

ఆమెది సోనేపూర్. తండ్రి పైడన్న సముద్రం ఒడ్డునే కూర్చుని పడవల మోటార్లు బాగుచేసేవాడు. పనంతా ఆమె నేర్చింది ఆయన దగ్గరే. బోల్టుని ముందు వేళ్లతో తిప్పాలి, ఎన్ని చుట్లు పట్టిందో చూసుకోవాలి, ఆ తర్వాతే పానా పట్టాలి. "సముద్రంలో మోటారు ఊడితే దిగి తోసుకెల్లడానికి రోడ్డుండదమ్మీ" అనేవాడు పైడన్న. ఆయన పోయాక ఆమె ఐటీఐ చదివింది, పెళ్లి చేసుకుంది. భర్త దేముడు కేరళలో బోట్ల మీద పనిచేస్తూ ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్తాడు. ముప్పై నాలుగేళ్ల పద్మిని తన తల్లి చిట్టమ్మతో సోనేపూర్‌లోనే ఉంటూ రోజూ స్కూటీ మీద బరంపురం వచ్చేది.

షాపు యజమాని ఢిల్లీశ్వరరావుని ఊళ్లో ఎవరూ చెడ్డవాడనరు. ఎప్పుడూ నవ్వుమొహమే. వచ్చినవాడికి ముందు టీ, తర్వాత మాటలు. కారు ఎలా నడుస్తుందన్నది ఆయనకు పట్టదు. అద్దాలకు నల్లకాగితం, వెనక రెక్క, చెవులు చిల్లులు పడే సైలెన్సరు, ఇవే ఆయన లోకం. వాటిని బిగించేటప్పుడు ఏ తేడా వచ్చినా సరిచేయాల్సింది పద్మిని. పేరు మాత్రం షాపుది.

ఒక శుక్రవారం పొద్దున్న పసుపురంగు కారొకటి వచ్చి షాపు ముందు ఆగింది. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే జర్మనీ స్పోర్ట్స్ కారు. అందులోంచి దిగింది పిల్లల డాక్టరు ఉమాదేవి. ఆమెకు యాభై రెండేళ్లు. విశాఖపట్నంలో ఒకరు వాడిన కారు అది. దాన్ని కొన్నప్పటి నుంచీ బరంపురంలో సగంమంది డాక్టరమ్మకి మతి చెడిందన్నారు, మిగతా సగం ఆ కారు ఆమె కొడుకుదని చెప్పుకున్నారు. ఆమెకు కొడుకు లేడు. చదువుకునే రోజుల నుంచీ ఇలాంటి బండి నడపాలని కోరిక. ఇన్నాళ్లకు తీరింది.

"దీనికి ఏమేం మార్పించుకుంటే బాగుంటుందో చెప్పండి" అందామె.

ఢిల్లీశ్వరరావు టీ తెప్పించి మొదలెట్టాడు. "ఎనకాల పెద్ద రెక్క ఎయ్యాలమ్మా. సైలెన్సరు మార్చేద్దాం. నాలుగు సక్రాలూ పెద్దవి ఎక్కించి, బిళ్లలెట్టి బయటికి లాగితే, రోడ్డు మీద జనం ఆగి సూడాల!"

పద్మిని అప్పటికే కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని టైరు మీద వేళ్లు ఆనించి చూస్తోంది. "డాక్టరమ్మా, ఈ బండి మీరు ఎక్కడ నడుపుతారు?" అని అడిగింది.

"ఆదివారాలు భంజనగర్ దాటి కళింగ ఘాటీ కొండదారి దాకా వెళ్తుంటాను."

"దిగినప్పుడు, కింది మలుపులకాడ బ్రేకు మెత్తబడతందా?"

ఉమాదేవి టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "అవును. పెడలు లోపలికి పోతుంది. నేను కొన్నది పాత బండి కదా, అంతేనేమో అనుకున్నాను. నీకెలా తెలిసింది?"

"బ్రేకు నూనె పాతదయ్యి నీరు పట్టేసుంటాదమ్మా. వేడెక్కితే అందులో బుడగలొస్తాయి. టైర్లు సూడండి, అరగనేదు గానీ రబ్బరు గట్టిపడిపోనాది. మలుపులో రోడ్డుని పట్టదు. ముందు టైర్లు మార్చండి. వేడిని తట్టుకునే బ్రేకు ప్యాడ్లు ఎయ్యండి, కొత్త నూనె పొయ్యండి. మిగతావి ఏటీ ఇప్పుడక్కర్లేదు."

"నాకు రేసులు వద్దమ్మా. మలుపులో బండి నా మాట వింటే చాలు. నువ్వు చెప్పినవే చెయ్యి" అందావిడ.

ఢిల్లీశ్వరరావు నవ్వుతూనే ఉన్నాడు. ఆమె వెళ్లాక మాత్రం నవ్వు తీసేశాడు. "బేరాన్ని సంపేసినావు కదే! నిన్ను ఎవరడిగినారు?"

"ఆవిడ అడిగింది బాబూ. బండికి ఏటి కావాలని అడిగింది. కావాల్సింది సెప్పినాను."

శనివారం మధ్యాహ్నానికి పని పూర్తయింది. బోల్టులు బిగించాక ప్రతిదాని మీదా తెల్లరంగుతో ఒక గీత పెట్టడం పద్మిని అలవాటు. వదులైతే గీత పక్కకు జరుగుతుంది, చూడగానే తెలుస్తుంది. నాలుగు చక్రాలకూ గీతలు పెట్టి, ఫోటోలు తీసి డాక్టరమ్మకు పంపింది. సాయంత్రం ఆవిడ మనిషి వచ్చి కారు తీసుకెళ్తాడన్నారు. తల్లిని కంటి పరీక్షకు తీసుకెళ్లాలని చెప్పి పద్మిని వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున్న సోనేపూర్‌లో ఇంటి ముందు కూర్చుని చేపలు తోముతూ, ఫోను చూసింది. షాపు పేజీలో కొత్త ఫోటో. పసుపు కారు, పక్కన చేతులు కట్టుకుని ఢిల్లీశ్వరరావు. కింద ఏవేవో పొగడ్తలు. పద్మిని ఫోటోని పెద్దది చేసి చూసింది. చక్రాలు బాడీ కన్నా బయటకు పొడుచుకొచ్చి ఉన్నాయి. తను బిగించిన చక్రాలు అలా లేవు.

చేతులు కడుక్కోకుండానే యజమానికి ఫోన్ చేసింది.

"బాబూ, డాక్టరమ్మ బండికి బిళ్లలెట్టినారా?"

"ఫోటోకి బాగుంటాదని ఎట్టించాను. ఊరికే ఇచ్చాను లే, ఆవిడ దగ్గర ఏటీ తీసుకోనేదు."

"ఆవిడకి సెప్పినారా?"

"సెప్పడానికేటుంది? సూసి సంతోషిస్తాది."

"ఏ బోల్టులేసినారు?"

"బండివే. ఎందుకలగ అరుస్తావు?"

బిళ్ల అంటే చక్రానికీ, అది బిగుసుకునే భాగానికీ మధ్య పెట్టే అల్యూమినియం ముక్క. దాని మందమెంతో బోల్టు కూడా అంత పొడుగుది వేయాలి. ఆ కారుకు సరిపోయే పొడుగు బోల్టులు షాపులో లేవని పద్మినికి తెలుసు. పాత బోల్టులతో బిళ్లలు బిగిస్తే బోల్టు చివరి రెండు మూడు చుట్లు మాత్రమే పట్టుకుంటాయి. పట్టుకున్నట్టే ఉంటాయి, చక్రం వణికేకొద్దీ వదులవుతాయి.

ఫోన్ పెట్టేసి ఉమాదేవికి చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఆదివారం, ఘాటీకి బయల్దేరి ఉంటుంది. ఆరోసారి ఎత్తింది.

"దారిలో, ఆసికాలో టీ తాగుతున్నాను పద్మినీ. బ్రేకులు చాలా బాగున్నాయి. స్టీరింగే కొంచెం వణుకుతోంది, కొత్త టైర్లు కదా అనుకున్నా..."

"అమ్మా, బండి కదపకండి. ఒక్క అడుగు కూడా కదపకండి. నానొస్తన్నాను."

జాకీ కాళ్ల మధ్య పెట్టుకుని, పానాల సంచీ తగిలించుకుని స్కూటీ ఎక్కింది. అరవై కిలోమీటర్లు. దారి పొడవునా ఆమెకు కోపం తప్ప ఇంకోటి తోచలేదు. సైగ చేయకుండా అడ్డం వచ్చిన లారీ మీద కోపం, గుంతల మీద కోపం, అన్నిటికన్నా ఎక్కువగా ఆ ఫోటోలో చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి మీద.

ఆసికాలో టీ కొట్టు పక్కన కారు ఉంది. ఉమాదేవి బెంచీ మీద కూర్చుని ఉంది. పద్మిని పలకరింపులు లేకుండా నేరుగా ముందు ఎడమ చక్రం దగ్గర కూర్చుంది. ఒక బోల్టుకు పానా పెట్టి బలం చేయబోతే అది అప్పటికే తిరుగుతోంది. పానా తీసేసి వేళ్లతో తిప్పింది. ఒకటి, రెండు, మూడు. బోల్టు చేతిలోకి వచ్చేసింది.

"ఇలా రండమ్మా. మీరే సూడండి."

చక్రం ఊడదీసి బిళ్ల పక్కన పెట్టి, చక్రాన్ని మళ్లీ ఆనించి అదే బోల్టు డాక్టరమ్మ చేతికిచ్చింది. ఉమాదేవి రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చుని తిప్పింది. తొమ్మిది చుట్లు తిరిగి ఆగింది.

"తొమ్మిది పట్టాల్సిన చోట మూడా?" అంది ఉమాదేవి. "ఇంకో గంటలో ఘాటీలో ఉండేదాన్ని కదా. నన్ను అడగకుండా నా బండికి ఇది ఎవరు పెట్టారు?"

పద్మిని మిగతా మూడు చక్రాలూ ఊడదీసి సరిగ్గా బిగించి, నాలుగు బిళ్లలూ సంచీలో వేసుకుంది. "రేపు షాపుకొస్తే సెప్తాను" అంది. ఆ రోజు ఇద్దరూ ఘాటీకి వెళ్లలేదు. కారు ముందు, స్కూటీ వెనక, నెమ్మదిగా బరంపురం చేరారు.

సోమవారం పద్మిని ఆ నాలుగు బిళ్లలూ ఢిల్లీశ్వరరావు బల్ల మీద పెట్టింది. ఆయన వాటిని చూడలేదు. ఆమె పక్కన నిలబడ్డ డాక్టరమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు.

"తప్పైపోనాదమ్మా. బోల్టులు సరిగ్గా బిగించలేదు. సక్రాలు ఎక్కించింది ఇదే. ఆడదాని సెయ్యి, అంత బలం ఎక్కడిది? ఇకమీద మీ బండికి మగమిస్త్రీనే పెడతాను."

పద్మినికి చెవులు వేడెక్కిపోయాయి. పదకొండేళ్లు ఆయన తప్పులు సరిచేసింది ఆ చెయ్యే. ఆమె మాట్లాడేలోగా ఉమాదేవి తన ఫోను తీసి ఫోటోలు చూపించింది. "శనివారం మధ్యాహ్నం ఈమె పంపినవి ఇవి. చక్రాలు లోపలే ఉన్నాయి. మీరు పెట్టిన ఫోటోలో బయట ఉన్నాయి. మధ్యలో బలం ఎవరిది తగ్గిందో మీరే చెప్పండి."

షాపులో ఉన్న నలుగురూ పని ఆపి వింటున్నారు.

"నా సేతిలో బలం నేదని పదకొండేళ్లకి తెలిసిందా బాబూ?" అంది పద్మిని. "ఒకరి ప్రాణం మీదకి తెచ్చి, అది నా సేతిమీదకి నెట్టేస్తారా? ఇక్కడ పని సెయ్యను. పదకొండేళ్లు ఏ పని చేసినానో కాయితం మీద రాసియ్యండి, ఎల్లిపోతాను."

ఆయన విసురుగా రాసిచ్చాడు. చదివింది. 'సహాయకురాలు. కార్లు కడగడం, తుడవడం' అని ఉంది.

పద్మిని ఆ కాయితాన్ని చింపలేదు, అరవలేదు. గుమ్మం పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. వచ్చిన ప్రతి మనిషికీ ఆ కాయితం చూపించి, "బాబూ, మీ బండి బ్రేకులు బాగుసేసింది ఎవరు?" అని అడిగింది. వాళ్లలో సగంమంది పాత ఖాతాదారులే. కోళ్లవ్యాన్ల యజమాని ఒకాయన లోపలికి వెళ్లి, "ఇదేం రాతయ్యా, నా మూడు బళ్లూ ఈవిడే కదా సూస్తంది?" అని గట్టిగానే అడిగాడు. మధ్యాహ్నం దాటే సరికి ఢిల్లీశ్వరరావు ఇంకో కాయితం తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు. అందులో 'మెకానిక్' అని ఉంది. క్షమించమని మాత్రం అనలేదు, తప్పు తనదేనని డాక్టరమ్మతో కూడా ఒప్పుకోలేదు. పేజీలోంచి ఫోటో తీసేశాడు, అంతే. బిళ్లలు ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నాడు.

ఇది జరిగి ఏడాదిన్నర. పద్మిని ఇప్పుడు గంజాం ఊళ్లో, పెద్దరోడ్డు పక్కన, మూతపడ్డ ఐసు కార్ఖానా ముందుభాగంలో షెడ్డు వేసుకుని తల్లితో అక్కడే ఉంటోంది. చేపల వ్యాన్లు, ఉప్పు లారీలు, అప్పుడప్పుడూ ఆ పసుపు కారు వస్తుంటాయి. పసుపు కారుకు ఈమధ్య కొత్త బ్రేకు గొట్టాలు వేసింది. అవి కూడా ఉమాదేవితో రెండు వారాలు వాదించి, ఎందుకో వివరంగా చెప్పి, ఆవిడ సరేనన్నాకే వేసింది.

కోపం మాత్రం తగ్గలేదు. చక్రాలు బయటకు పొడుచుకొచ్చిన కారు రోడ్డు మీద కనబడితే, చేస్తున్న పని వదిలి రోడ్డు మీదకు వచ్చి చెయ్యి అడ్డం పెడుతుంది. చాలామంది హారన్ కొట్టి తిట్టుకుంటూ పోతారు. మొన్న ఒక కుటుంబం ఆగింది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. బోల్టు ఆమె వేళ్లలోకి నాలుగు చుట్లకే వచ్చేసింది. పిల్లల తండ్రి దిగి వచ్చి దాన్ని చూశాడు. "ఎవరు బిగించారండీ?" అని ఆమె అడిగితే, షాపులో నవ్వుతూ టీ ఇచ్చారని మాత్రం చెప్పగలిగాడు.

పద్మిని బిళ్లలు తీసి పక్కన పడేసి చక్రాలు బిగించడం మొదలుపెట్టింది. చిట్టమ్మ తెచ్చిన అన్నం క్యారేజీలో చల్లారిపోయింది. మూడో చక్రం దాకా ఆ నవ్వుమొహాన్ని తిడుతూనే ఉంది.