మామ్మ కరక్కాయ డబ్బా

మొన్న ఆదివారం మా పక్కింటి మామ్మ పోయింది. నిద్రలోనే, ఏ బాధా పడకుండా పోయింది. కబురు వినగానే ఏడ్చేశాను. కాసేపటికి మనసు తేలికపడింది కూడా. ఎందుకో చెబుతాను.

మామ్మ పుట్టిల్లు ఏజెన్సీలో. పెళ్లయి మా నర్సీపట్నం వచ్చేసినా, కొండ మీంచి చుట్టాలు తెచ్చే కరక్కాయలు మాత్రం మానలేదు. దగ్గొస్తే బుగ్గన ఒక ముక్క. మిగతావి దంచి చిన్న డబ్బాలో పోసేది. కొత్తచోట ఎవరు మంచినీళ్లిచ్చినా అందులో చిటికెడు పొడి వేసి చూశాకే తాగేది. పేరంటాల్లో మా పరువు తీసేది!

మా అమ్మాయికి అప్పుడు నాలుగో నెల. డబ్బాపాలు మా బోరు నీళ్లతోనే కలిపేదాన్ని. ఒకరోజు మామ్మ ఆ నీళ్లలో పొడి వేసింది. చూస్తుండగానే సిరాలా నల్లబడ్డాయి.

"ఇనుము దిగిందమ్మా. కొండ మీద వదిలీసిన గని నీళ్లు బోరులోకొచ్చీసినాయి. పిల్లకి పట్టకు."

"అద్దంలా ఉన్నాయి కదా మామ్మా! కాచే పడుతున్నాను."

"కాస్తే ఇనుము సస్తాదేటి?"

డిగ్రీ చదివినదాన్ని, నాకు చెప్పొచ్చిందని మూతి ముడుచుకున్నాను. పాలు అలాగే కలిపాను. వారం తిరక్కుండా పిల్ల వాంతులతో ఆసుపత్రి పాలైంది. డాక్టరు మొదట అడిగింది నీళ్ల గురించే. నా ప్రాణం పోయినంత పనైంది.

పిల్ల దక్కింది. ఆ రోజు నుంచి మామ్మ తెల్లారేసరికి చర్చి నూతి నుంచి బిందెడు నీళ్లు తెచ్చి మా గుమ్మంలో దించేది. "నాను సెప్పలేదేటి?" అని ఒక్కసారైనా దెప్పుతుందేమోనని చూశాను. ఊహూఁ.

"తప్పయిపోయింది మామ్మా" అని నేనే అన్నాను.

"ఏటి తప్పు? పిల్ల నవ్వుతున్నాది, సూడు."

ఆ మాట ఆవిడ ఉండగానే అనగలిగాను. అదే నా అదృష్టం.

తర్వాత పరీక్ష చేయిస్తే గని గోతిలోని ఇనుము కరిగిన పుల్లటి నీరు భూమిలోకి ఇంకుతోందని తేలింది. మా వీధి బోర్లు మూయించారు. వేరేచోటి నుంచి కుళాయి వేయించారు. మొదటిరోజు బిందెలతో అందరం నిలబడ్డాం గానీ, ఒక్కరూ పట్టుకోలేదు. మామ్మ వచ్చింది. "గ్లాసు తెండి బేగి!" అంది. పొడి వేసింది. నీళ్లు నల్లబడలేదు.

"ఇంక పట్టమ్మా, పిల్లకి."

మొన్న ఆవిడకి చివరి స్నానానికి నీళ్లు సిద్ధం చేస్తుంటే, ఇప్పుడు పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఆ డబ్బా పట్టుకొచ్చింది. గ్లాసుడు నీళ్లు ముంచి పొడి వేసింది.

"ఇప్పుడెందుకే?" అని ఎవరో కసిరారు.

"చూడందే మామ్మ ముట్టదు కదా."

అందరం ఆగాం. నీళ్లు నల్లబడలేదు, పొడి తెచ్చిన లేత పసుపు రంగులోనే ఉండిపోయాయి. అప్పుడు మొదటి చెంబు నేను పోశాను. కుళాయి గట్టు మీద పెట్టిన ఆ గ్లాసుని సాయంత్రం దాకా ఎవరూ తీయలేదు.