పెదనాన్న లెక్కలో లేని పిట్ట

మా పెదనాన్నకు పక్షులంటే ప్రేమ అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్లు మండుతుంది. "ప్రేమేంటి, లెక్క," అంటాడు. ఉద్యోగమంతా ఒక పత్రిక ప్రెస్సులో, చెవులు గింగుర్లెత్తే యంత్రాల మధ్య చేశాడు. అక్కడ తప్పు పడితే కాగితాలు కట్టలు కట్టలుగా చెత్తలోకే. రిటైరయ్యాక ఆ పట్టుదలంతా ఊరవతలి మడుగు మీదికి మళ్లింది. పక్షుల కోసం కంచె వేసి కాపాడుతున్న మడుగు అది. ఆదివారం తెల్లవారుతుండగానే బైనాక్యులర్ మెడలో వేసుకుని వెళ్లి, ఒడ్డునున్న చెక్కగదిలో కూర్చుంటాడు. గోడకున్న సందులోంచి చూస్తూ ఏ పక్షి ఉందో, ఎన్ని ఉన్నాయో కార్డు మీద రాసి మడుగు ఆఫీసులో ఇస్తాడు.

ఆయనకొక నియమం ఉంది. తన కంటితో చూడనిది, తన చెవితో విననిది రాయడు. పక్కవాళ్ల మాట మీద అసలే రాయడు. ఒకసారి మడుగు అధికారిణి స్వయంగా వచ్చి డేగను చూశానంటే, "అయితే మీ కార్డులో రాసుకోండి మేడమ్," అన్నాడట. అంత మొండిఘటం.

పెద్దమ్మ మాత్రం ఆ మడుగు వైపు ఎన్నడూ తొంగి చూడలేదు. "ఈయన నా మాట వినడే," అన్నదొక్కటే ఆమె ఫిర్యాదు. ఏ కాపురంలో లేదులే అనుకున్నాం మేమంతా. పెదనాన్న అయితే, "మీ పెద్దమ్మ ఈమధ్య మెత్తబడిందే, గొంతే లేవట్లేదు," అని నా దగ్గర మురిసిపోయేవాడు కూడా.

ఇలా ఉండగా ఈ ఏడాది అధికారిణి పిలిచి ఒక సంగతి చెప్పింది. పడమటి ఒడ్డున మనిషి ఎత్తు పెరిగిన జమ్ముగడ్డిని మొత్తం కోయించేస్తున్నారు, బాతులు తిరగడానికి నీళ్లు తెరిపిగా ఉండాలని. ఇన్నాళ్లూ ఆ గడ్డిని ఉంచింది జమ్ముపిట్ట కోసమే. బొటనవేలంత గోధుమరంగు పిట్ట. గడ్డిలో దూరిందంటే కనిపించదు, సన్నటి కూతను పట్టుకునే లెక్క కట్టాలి. ఆ ఒడ్డు లెక్క పెదనాన్న ఒక్కడిదే. వరుసగా మూడేళ్లు ఆ పిట్ట పేరు పక్కన ఆయన 'లేదు' అని రాశాడు. పిట్టే లేనప్పుడు గడ్డెందుకన్నారు. పెదనాన్నకు అన్నం సహించలేదు. కానీ కార్డులు తనవే, ఎవరితో పోట్లాడతాడు?

కోతకు ముందు రోజు ఆదివారం. ఆ జమ్మును చివరిసారి చూసొస్తానని బయల్దేరాడు. ఆయన ముఖం బాగాలేదని పెద్దమ్మ నన్ను తోడు తరిమింది. నిద్ర పాడైందని ఒక కోపం, చెక్కగదిలో బల్ల తడిగా ఉందని ఇంకో కోపం నాకు. అది చాలనట్టు గడ్డిలోంచి ఆగకుండా ఒకటే గోల.

"పెదనాన్నా, ఏంటది? దువ్వెన పళ్ల మీద గోరు గీకినట్టు?"

"ఏది?"

"అదే. మనం వచ్చినప్పట్నుంచీ మోగుతూనే ఉందిగా."

ఆయన నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. "ఎటు?" అన్నాడు. చెయ్యి చాపి చూపించాను. బైనాక్యులర్ ఎత్తి అటే పెట్టి కూర్చున్నాడు. ఎంతసేపైనా దించలేదు. చివరికి ఒక జమ్ము కాడ కదిలింది. దాన్ని పట్టుకుని పిట్ట పైకి పాకింది. కూత నాకు ఇంకా స్పష్టంగా వినిపించింది.

"నోరు తెరుస్తోంది," అన్నాడు పెదనాన్న మెల్లగా. "గొంతు కూడా ఆడుతోంది. నాకేం వినపడట్లేదే."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం కార్డు తీసి, 'ఒకటి, చూశాను' అని రాసి లేచాడు.

ఇంట్లో సంగతి విని పెద్దమ్మ చిటికెలో ఉపాయం చెప్పింది, గొంతు పెంచి. "ఈ ఏడు తిరిగొచ్చిందని చెప్పండి. గడ్డీ మిగులుతుంది, మీ పరువూ మిగులుతుంది."

"ఎక్కడికీ వెళ్లనిదాన్ని తిరిగొచ్చిందని ఎలా చెప్పను? ఏదో దారి తప్పొచ్చిన పిట్ట అనుకుని కోసేస్తారు. అది మూడేళ్లూ అక్కడే ఉంది. లేనివి నా చెవులు."

"అప్పుడు మీ కార్డులన్నీ అనుమానిస్తారండీ."

"అనుమానించాలి మరి."

మర్నాడు ఆఫీసు తెరవకముందే ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. గేటు దగ్గర లారీలోంచి కోత మిషన్ దించుతున్నారు. అధికారిణి రాగానే పెదనాన్న నిలబడి అంతా చెప్పాడు, గేటు దగ్గరి వాళ్లంతా వినేంత గట్టిగా. ఆమె తలొంచుకుని విని ఏదో అడిగింది.

"గట్టిగా చెప్పండమ్మా. నాకు చెవుడు."

ఆ మాట ఆయన నోటి వెంట రావడం అదే మొదలు. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మిగతా కార్డులు ఎలా నమ్మాలి అంటున్నానండీ."

"కంటితో చూసి రాసినవి నమ్మండి. సన్న గొంతు పిట్టలకు నేను లేదని రాసిన చోటల్లా కొట్టెయ్యండి. నేనే కూర్చుని చూపిస్తాను."

మళ్లీ లెక్క తీయించేదాకా కోత ఆపమని ఆమె ఫోన్ చేసింది. మిషన్ తిరిగి లారీ ఎక్కింది. "కానీ ఆ ఒడ్డు ఇక మీకు ఇవ్వలేను. వినే మనిషి కావాలి," అంది.

"న్యాయమే. వినే మనిషిని నేనే తెచ్చుకుంటే?"

తెచ్చుకోమంది. పెదనాన్న నా వైపు చూశాడు. నా ఆదివారం నిద్ర గుర్తొచ్చి నేను ఆఫీసు గోడకున్న మ్యాపు చూడసాగాను. "నేనొస్తా," అంది పెద్దమ్మ.

"నీకు పిట్టలు తెలియవుగా."

"వినడం తెలుసు. ఇంట్లో ఇన్నాళ్లూ ఇద్దరి వంతూ వింటోంది నేనేగా."

డాక్టరు దగ్గరికీ వెళ్లారు. చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు వినిపిస్తాయి గానీ అంత సన్నటి కూత అందేది అనుమానమేనన్నాడు. ప్రెస్సులో ఆ హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, పక్కవాడిని తట్టి సంగతి చెప్పేవాళ్లట. పెదనాన్న పెద్దమ్మకు అదే నేర్పాడు.

తర్వాతి ఆదివారం నన్నెవరూ రమ్మనలేదు, అయినా వెళ్లాను. ఇద్దరూ సందు ముందు ఆనుకుని కూర్చున్నారు. చాలాసేపు బాతులు తప్ప ఏమీ లేవు. అప్పుడు జమ్ములో ఆ దువ్వెన గీకుడు మొదలైంది. పెద్దమ్మ ఆయన మోకాలు తట్టింది.

పెన్సిల్ కార్డు మీద ఆగింది. ఎంత వెతికినా జమ్ములో ఆకు కూడా కదల్లేదు. "ఖాయమే..." అని అడగబోయి పెదనాన్న నోరు మూసుకున్నాడు. పెద్దమ్మ సందులోంచి చూపు తిప్పకుండానే మళ్లీ తట్టింది.

ఆయన రాశాడు.