ఉమ్రాకు ముందు సిరిసిల్లకు

మాది రాజమండ్రి. కోరుట్లలో సిరిసిల్ల బస్సెక్కితే నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. కొడుకుతో మక్కాకు, ఉమ్రా యాత్రకు వెళ్తోందట. విమానం, హోటలు, తిరిగొచ్చాక చుట్టాలకు దావత్, అన్నిటికీ కొడుకు లెక్క వేసేశాడట.

“మరి సిరిసిల్లలో ఏం పనమ్మా?” అన్నాను.

“మా చెల్లె ఉన్నది బిడ్డా. మక్కాకు పోయేముందు అందర్ని మాఫీ అడగాలె. నా కొడుకు వాట్సాప్‌ల అడిగిండు. అందరు బొటనవేలు బొమ్మ పెట్టిన్రు. చెల్లె ఒక్కతే జవాబియ్యలే. దాని పెనిమిటి సచ్చిపోతె నేను చూడ పోలే. అది మాఫ్ చేసినంకనే టికెట్లు తియ్యమన్న.”

మాఫీకి బొటనవేలు చాలని నాకు అప్పుడే తెలిసింది.

సిరిసిల్లలో దిగగానే ఆమె ఫోన్ మోగింది. కాసేపు విని పెట్టేసింది.

“చెల్లెనే. నేనొస్తున్నట్టు నా కొడుకు చెప్పిండట. మాఫ్ చేసిందట. ఇంటికి మాత్రం రావద్దన్నది.”

చెల్లెలికని తెచ్చిన మిఠాయి డబ్బా నా చేతిలో పెట్టింది. వద్దనే ధైర్యం నాకు లేకపోయింది. తర్వాత కొడుక్కు ఫోన్ చేసి, నాకూ అర్థమయ్యే ఉర్దూలో, టికెట్లు కొనెయ్యమంది.

దిగిన బస్సే మళ్లీ ఎక్కింది.