రెండు ముక్కల ఫాంటు

మనిషి మంచివాడే. పనిలో వంక పెట్టడానికి లేదు, పరాయి సొమ్ము ముట్టడు, భార్యను పల్లెత్తు మాట అనడు. ఉన్నదల్లా అనుమానం. అది మాత్రం ఊరికంతా పంచినా మిగిలేటంత ఉంది.

బజారులో ఆయన్ని అక్షరాలాయన అనేవారు. మెట్ల కింద ఇరుకు గదిలో డీటీపీ షాపు. పెళ్లికార్డులూ కరపత్రాలూ ఎవరైనా చేస్తారు, అందులో గొప్పేముంది? ఆయన గొప్పల్లా సొంత ఫాంటు. ఉద్యోగం సద్యోగం లేని రోజుల్లో ఒక్కో అక్షరమూ కాగితం మీద గీసి, కంప్యూటర్లోకి ఎక్కించి, ఒత్తులూ గుణింతాలూ కుదుర్చుకుని కళ్లు చెడేలా కూర్చుని తయారుచేసుకున్నాడు. ఆ అక్షరాలు నిజంగా బాగుంటాయి. ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

అయితే ఆ ఫాంటు పాత పద్ధతిది. అప్పట్లో ఫాంటంటే రెండు ఫైళ్లు. ఒకటి తెరమీద కనిపించడానికి, రెండోది అచ్చులో నున్నగా పడటానికి. రెండోది లేకపోతే మొదటిది ఒట్టి చుక్కల ముగ్గు. ఆ తర్వాత అంతా ఒకే ఫైల్లో ఇమిడిపోయే కొత్త పద్ధతి వచ్చింది, లోకమంతా అటు మళ్లింది. ఈయన మళ్లలేదు. అంతా ఒకే ఫైల్లో పెడితే దొంగ పని సులువైపోదూ అనేవాడు.

ఆ దొంగెవరో కూడా ఆయనే తేల్చేశాడు. సాక్షాత్తూ బావమరిది, భార్యకు తోడబుట్టిన తమ్ముడు. ఆఫ్‌సెట్ ప్రెస్సు అతనిదే. ఒకసారి మందుల షాపు బోర్డు మీద అచ్చం తన అక్షరాలే కనిపించేసరికి ఈయనకి ఒళ్లు మండిపోయింది. బోర్డు రాసే పెయింటరు పెళ్లికార్డు చూసి కుంచెతో దించాడని బావమరిది నెత్తీ నోరూ బాదుకున్నాడు. "నేను తియ్యలేదు బావా" అన్నాడు. వింటేగా! ఆ రోజుతో మాటలు బంద్.

మాటలు మానేసినా పని మానలేడు కదా, దగ్గర్లో ఉన్న ప్రెస్సు అదొక్కటే. అందుకని అక్షరాలన్నిటినీ బొమ్మలుగా మార్చి, పెన్‌డ్రైవ్‌లో వేసి, భార్య చేత పంపేవాడు. బొమ్మగా మారిన అక్షరాన్ని అచ్చు వెయ్యొచ్చు గానీ దానితో ఇంకో మాట టైపు చెయ్యలేరు. అదీ చాలక ఫాంటు రెండు ముక్కల్నీ విడదీశాడు. తెర ముక్క షాపు కంప్యూటర్లో, అచ్చు ముక్క ఇంటి కంప్యూటర్లో. షాపులో టైపు చేసి, ఇంటికి మోసుకెళ్లి బొమ్మలుగా మార్చేవాడు. ఇంకో కాపీ తీసి దాచుకోమని భార్య చెప్పి చూసింది. కాపీ తీయడమంటే దొంగకి దొడ్డితలుపు తీసి పెట్టడమేనని ఆమె నోరు మూయించాడు.

ఇలా ఉండగా పిల్లల పుస్తకాలు వేసే పెద్ద సంస్థ నుంచి ఆయన్ని వెతుక్కుంటూ కబురొచ్చింది. మొదటి వాచకం మీ అక్షరాల్లో వేస్తాం, కాకపోతే ఫాంటు కొత్త పద్ధతిలో ఒకే ఫైలుగా ఉండాలి, పాతవి మా కంప్యూటర్లు తీసుకోవు అన్నారు. ఆయనకి కాళ్లు నేలమీద ఆనలేదు. ఎన్ని పెళ్లికార్డులు చేస్తే ఏం లాభం? పెళ్లయ్యాక వాటి మొహం ఎవరు చూస్తారు? కానీ ఒక పిల్ల పలక పక్కన పెట్టుకుని మొట్టమొదట దిద్దే 'అ' తనదైతే! బతుకులో ఆయన కోరుకున్నది అదొక్కటే.

దొంగ మాట పక్కన పెట్టి రెండు ముక్కల్నీ ఒకటి చేద్దామని ఇంటి కంప్యూటరు స్విచ్చి నొక్కాడు. అది ఓసారి మూలిగి ఊరుకుంది. రిపేరతను విప్పి చూసి, డిస్కు పోయింది, ఇందులోంచి ఏమీ రాదు అని పెదవి విరిచాడు.

అప్పుడు చూడాలి మన పెద్దమనిషి అవస్థ. ఇన్నాళ్లూ బావమరిది దొంగ అని తిట్టిన నోటితోనే, వాడు దొంగే అయ్యుండాలని దేవుళ్లందరికీ మొక్కుకుంటూ ప్రెస్సు మెట్లెక్కాడు. మెషిన్ల చప్పుడులో నిలబడి సంగతంతా చెప్పాడు.

"అప్పట్లో నువ్వు తీసుంటే చెప్పరా. ఏమీ అనను."

బావమరిది చేతికంటిన ఇంకు తుడుచుకుంటూ ఆయన మొహంలోకి చూశాడు.

"తీశాను బావా. ఎక్కడో ఉంది. వెతికి, ఒకే ఫైలుగా మార్చి పంపిస్తాను. కాస్త టైము పడుతుంది."

"నాకు తెలుసురా" అన్నాడు ఈయన. పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. కనిపించినవాడికల్లా చెప్పాడు: నేను అనలేదూ, ఇదిగో వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు! బజారు చెవులు కొరుక్కుంది. ప్రెస్సుకి వచ్చేవాళ్లు తమ డిజైన్లు జాగ్రత్తగా వెనక్కి అడిగి తీసుకోవడం మొదలుపెట్టారు. భార్య మాత్రం తమ్ముడికి రోజూ క్యారేజీ పట్టుకెళ్లేది.

ఫాంటొచ్చింది. వాచకం టైపు చేయడానికి కూర్చున్నాడు. అ ఆ ఇ ఈ, అన్నీ తన చేతివే, చూసి చూసి మురిసిపోయాడు. క వర్గం చివర 'ఙ' దగ్గర చెయ్యి ఆగింది. అది తను గీసింది కాదు. తన గీతను కష్టపడి అనుకరించిన ఇంకో చెయ్యి. షాపులో ఉన్న తెర ముక్క తెరిచి పక్కన పెట్టి చూశాడు, అనుమానం లేదు. పెళ్లికార్డులోనూ కరపత్రంలోనూ 'ఙ'తో ఎవరికి పని? అంటే వాడి దగ్గర ఫాంటే లేదు. తను పంపిన బొమ్మల్లోంచి ఒక్కో అక్షరమూ కత్తిరించి, అతికించి, దొరకనిది సొంతంగా గీసి, మొత్తం ఫాంటు మళ్లీ కట్టాడు. పైగా దొంగతనం నెత్తిన వేసుకున్నాడు.

ఆయనకి సిగ్గేసింది. ఆ 'ఙ' మార్చబుద్ధి కాలేదు, అలాగే ఉంచాడు. ఇంటికెళ్లి, నీ తమ్ముడు తియ్యలేదే అన్నాడు.

"ఆ ముక్క నాకెందుకండీ? ఎవరెవరికి చెప్పొచ్చారో వాళ్లకి చెప్పండి" అంది ఆమె.

నిజమే కదా. చెప్పులేసుకుని బజారుకు బయల్దేరాడు. ముందు టీ కొట్టు దగ్గర ఆగి, బావమరిది దొంగ కాదు, నాదే పొరపాటు అని గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పాడు. టీ కొట్టతను గ్లాసు చేతికిస్తూ తల పంకించాడు.

"ఒప్పుకున్నవాడిని కూడా వెనకేసుకొస్తున్నారు చూడండి. ఎంతైనా మీది పెద్ద మనసండీ."