తీగల మీద చెయ్యి

ముప్పై నాలుగు సంవత్సరాలు లెక్కలు బోధించాను. అందులో చివరి ఆరేళ్ళు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నాను. సోపానాలు చూపకుండా జవాబు మాత్రమే రాసిన విద్యార్థికి నేనెన్నడూ మార్కులు వేయలేదు. చనిపోయినవారు కనిపించారని మా చర్చి సంఘంలో ఎవరైనా అంటే, ఏ పూట కనిపించారు, ఎంత దూరంలో ఉన్నారు, అప్పటికి మీరు భోజనం చేశారా అని వరుసగా అడిగేవాణ్ని. మూడో ప్రశ్నకు వచ్చేసరికి వాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు. అటువంటి విషయాల మీద నా అభిప్రాయం ఏమిటో ఇంతకన్నా వివరించనక్కర లేదు.

ఇప్పుడు నేను రాస్తున్నదానికి రుజువు నా దగ్గర లేదు. జరిగినది జరిగిన వరుసలో చెప్పగలను.

మాది గుంటూరుకు దక్షిణాన నల్లరేగడి నేలలో చిన్న ఊరు. పత్తి, మిరప తప్ప మరో పంట కంటికి ఆనదు. నా భార్య మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా ప్రభువునందు నిద్రించింది. అప్పటినుంచి ఇంట్లో నేను, మా అమ్మాయి ఎస్తేరు. ఆమె గుంటూరులో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. ఆదివారం ఆరాధనలో బేస్ గిటారు వాయించేది. అది మామూలు గిటారు కన్నా పొడవుగా, నాలుగే లావుపాటి తీగలతో ఉంటుంది. దానికొక ఆంప్లిఫయరు, మధ్యలో ఒక కేబులు.

ఆదివారం మధ్యాహ్నాలు ఆమె స్నేహితులు ఇద్దరు మా ఇంటికి వచ్చేవారు. ఖాజా గుంటూరులో ఆంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు, పెళ్ళి ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాడు. ఆనంద్ చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్లో సూపర్‌వైజరు, అక్కడి చర్చిలో బేస్ వాయిస్తాడు. ముగ్గురూ ముందుగదిలో స్క్రూలు, వైర్లు పరుచుకుని గంటల తరబడి వాదించుకునేవారు. నేను లోపలి గదిలో పేపరు చదువుకుంటూ వినేవాణ్ని.

"ఏరా ఆనందూ, తీగలు మార్చి ఎన్నాళ్ళయింది? తుప్పు కంపు కొడుతున్నాయి."

"బేసు తీగలు ఊరాలన్నా. ఊరితేనే టోను."

"ఊరడానికి అదేమన్నా ఆవకాయంట్రా? రాళ్ళు కోసే మిషను పక్కన నిలబడి నీ చెవులు ఎప్పుడో పోయినయి. నువ్వు టోను గురించి చెబితే మేం వినాలి!"

"మీ గుంటూరోళ్ళకి ఘాటు తప్ప ఇంకేం తెలుసు? అక్కా, నువ్వు చెప్పు, ఎవరిది రైటు?"

"ఇద్దరిదీ తప్పే. ముందు నా గిటారు హమ్ము సంగతి తేల్చండి," అనేది ఎస్తేరు, నవ్వుతూ.

హమ్ము. ఆ మాట ఆ గదిలోంచి ఎన్నోసార్లు వినిపించింది. అర్థమేమిటని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ తర్వాత జరిగినదంతటికీ నేను అడగని ఆ ప్రశ్నే మూలం.

ఒకనాడు సంఘంలోని ఇద్దరు పెద్దలు నా దగ్గరికి వచ్చారు. "మేస్టారూ, చెప్పకూడదు గానీ, మీ అమ్మాయి ప్రార్థనలో చేతులు జోడించదండి. కళ్ళు మూసుకుంటుంది, కానీ గిటారు మీంచి చెయ్యి తియ్యదు. పిల్లలు చూసి అదే నేర్చుకుంటారు," అన్నారు. తర్వాతి ఆదివారం నేను గమనించాను. నిజమే. పాస్టరు అయ్యగారు ప్రార్థిస్తున్నంతసేపూ ఆమె ఎడమచెయ్యి తీగల మీద ఆనించే ఉంది.

నేను సంఘపెద్దను. క్రమం నా ఇంటినుంచే మొదలు కావాలనుకున్నాను. ప్రకటనల సమయంలో లేచి, వాద్యాల దగ్గర కూర్చునేవారు ప్రార్థనలో రెండు చేతులూ జోడించాలని, వీలుకాని వారు ఆ స్థానం మరొకరికి ఇవ్వాలని చెప్పాను. పేరు చెప్పలేదు. ఆమె వైపు చూసి చెప్పాను. అందరికీ అర్థమైంది.

ఇంటికి వస్తుండగా, "నాన్నా, చెయ్యి తీస్తే..." అని మొదలుపెట్టింది.

"సంజాయిషీ వద్దు," అన్నాను.

మరుసటి ఆదివారం ఆమె నేను చెప్పినట్టే చేసింది. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టగానే రెండు చేతులూ జోడించింది. అదే క్షణంలో ఆంప్లిఫయరులోంచి గుంయ్‌మని ఒక శబ్దం లేచింది. తుమ్మెద గదిలో చిక్కుకున్నట్టు ఉంది అది. ప్రార్థన ముగిసేదాకా అది మందిరమంతా నిండి ఉంది. జనం తలలు తిప్పి చూశారు. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. చేతులు జోడించే ఉన్నాయి.

నామీద కోపంతో చేసిందనుకున్నాను. ఇంటికి వచ్చాక, "కావాలని చేశావు. దేవుని మందిరంలో తండ్రి పరువు తీశావు," అన్నాను.

ఆమె గిటారును సంచిలో పెట్టి జిప్పు వేసింది. ఆ తర్వాత మళ్ళీ తీయలేదు.

నాలుగు నెలలు గడిచాయి. మేము మాట్లాడుకోలేదని కాదు. కూర ఏం వండాలో, బస్సు ఎందుకు ఆలస్యమైందో, అన్నీ మాట్లాడుకున్నాం. గిటారు మాట ఒక్కటే రాలేదు. ఆ మాట మొదలుపెట్టవలసినది ఆమేనని నేను ఎదురు చూశాను. ఇంతలో ఆమెకు జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. తొమ్మిదో రోజు ఉదయం ఆమె వెళ్ళిపోయింది. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు.

నెల తర్వాత ఖాజా, ఆనంద్ వచ్చారు. వాళ్ళను చూడగానే నాలో నేను ఎన్నాళ్ళుగానో తిప్పుకుంటున్న ప్రశ్న బయటికి వచ్చింది. ఆ రోజు ఎస్తేరు అలా ఎందుకు చేసిందో మీకేమైనా చెప్పిందా అని అడిగాను.

ఖాజా సంచిలోంచి గిటారు తీసి, ఆంప్లిఫయరుకు కలిపి, స్విచ్చి వేసి, దాన్ని కుర్చీకి ఆనించి దూరం జరిగాడు. గుంయ్‌మని అదే శబ్దం. ముందుకు వచ్చి ఒక వేలు తీగ మీద ఉంచాడు. శబ్దం ఆగిపోయింది. వేలు తీశాడు. మళ్ళీ మొదలైంది.

"ఇదేనండి హమ్ము. తీగల చప్పుడు పట్టే ఈ పాత పికప్పులతో ఉన్న జబ్బు. మనిషి చెయ్యి తీగకు తగిలితే ఎర్తు కలిసినట్టయి ఆగిపోతుంది. చెయ్యి తీస్తే వస్తుంది. నాబు తిప్పి తగ్గిద్దామంటే గరగరమంటుంది, ఆంపు ఆపేస్తే ఢబ్బుమంటుంది. అయ్యగారేమో ప్రార్థనలోంచే పాటెత్తుకుంటారంట కదా, అప్పటికప్పుడు అందుకోవాలి. అందుకని చప్పుడు లేకుండా ఉండాలంటే తీగల మీద చెయ్యి ఉంచడమొకటే దారి."

"మరి ఆ వారం చెయ్యి ఎందుకు తీసింది?" అన్నాను.

"మీరు తియ్యమన్నారు కదండీ," అన్నాడు ఆనంద్.

మా ప్రార్థన నిశ్శబ్దంగా సాగడం కోసం ఆ పిల్ల తన చేతులు జోడించుకోకుండా ఇన్నేళ్ళు ప్రార్థించింది. దానికి నేను ఆమెను సంఘం ముందు నిలబెట్టాను. ఇక ఒప్పుకుందామంటే వినడానికి ఆమె లేదు. నా జీవితంలో దిద్దుకోవడానికి వీలులేని తప్పు ఇదొక్కటే.

ఏడాది తిరిగింది. మిరప కోతల కాలం. ఊరి చుట్టూ కళ్ళాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి. జ్ఞాపకార్థ కూడిక శనివారం ఉదయం పదిన్నరకు పెట్టుకున్నాం. ఎస్తేరు గిటారు మీద ఒక పాట వాయిస్తామని ఖాజా, ఆనంద్ అడిగితే సరేనన్నాను. మందిరంలో అరవైమందికి తక్కువ లేరు. కిటికీల్లోంచి ఘాటు వచ్చి కొందరు దగ్గుతున్నారు. ఎండ లోపలిదాకా పడుతోంది. ఈ వివరాలు చెప్పడంలో నా ఉద్దేశం, ఆ వేళ చీకటి గాని, ఏకాంతం గాని, నిద్రమత్తు గాని లేవని స్పష్టం చేయడమే.

ఆనంద్ పాట వాయించి, గిటారును స్టాండులో నిలబెట్టి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆంప్లిఫయరు ఆపలేదు, తర్వాత మరో పాట ఉంది. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆనంద్ చెయ్యి తీసినప్పటినుంచీ మోగుతున్న హమ్ము, అందరూ సద్దుమణిగాక పైకి వినిపించింది. ఆనంద్ కంగారుగా లేవబోయాడు. నేను అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను. ఆ శబ్దం పూర్తిగా వినడం నాకు తగిన శిక్ష అనుకున్నాను. తల వంచుకుని విన్నాను.

అయ్యగారు పరామర్శ వాక్యాలు ముగించి, "ఈ తండ్రిని జ్ఞాపకం చేసుకో ప్రభువా," అన్నారు.

హమ్ము ఆగిపోయింది.

క్రమంగా తగ్గలేదు. ఖాజా మా ముందుగదిలో వేలు ఉంచినప్పుడు ఎలా తెగిందో అలాగే తెగింది. ప్రార్థనలో కళ్ళు తెరిచే అలవాటు నాకు లేదు. ఆనాడు తెరిచాను. గిటారు స్టాండులో ఉంది. దానికి నాలుగు బారల దూరం లోపల ఎవరూ లేరు. ఆంప్లిఫయరు ఎర్రదీపం వెలుగుతోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆనంద్ చేతులు రెండూ జోడించి ఉన్నాయి. వెనక వరుసలో ఖాజా కళ్ళు తెరిచి ఆ గిటారునే చూస్తున్నాడు.

గోడ గడియారం ప్రకారం నాలుగు నిమిషాలు ఆ నిశ్శబ్దం ఉంది. సంఘం ఆమేన్ అన్నది. హమ్ము తిరిగి మొదలైంది.

ఆ మధ్యాహ్నమే ఖాజా గిటారును, కేబులును, ఆంప్లిఫయరును దుకాణానికి తీసుకుపోయాడు. వారం రోజులు పరీక్షించాడు. కేబులు వంచి, మెలితిప్పి చూశాడు. కదిలిన టంకం గాని, వదులైన జాకు గాని దొరకలేదు. మరో శనివారం పదిన్నరకు ఆ మందిరంలోనే, ఆ స్టాండులోనే, అవే ఫ్యాన్లు, అవే లైట్లు వేసి ఇద్దరం గంటసేపు కూర్చున్నాం. హమ్ము ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"పదహారేళ్ళుగా ఆంపులు విప్పుతున్నానండి. చెయ్యి తగిలితేనే అట్టా ఆగుతుంది. ఇంకో రకంగా ఆగడం నేను చూడలేదు," అన్నాడు. కేబులు చుట్టుకుంటూ, "చెయ్యి మాత్రం ఎవరూ పెట్టలేదండి. నేను చూస్తానే ఉన్నా," అన్నాడు.

కరెంటులో ఏదో మార్పు వచ్చి ఉండవచ్చు. దూరంగా ఎవరో ఏదో మోటారు ఆపి ఉండవచ్చు. ఇవన్నీ నేను ఆలోచించాను. అయ్యగారి ఆ మాట దగ్గరే ఆగి ఆమేన్ దగ్గరే తిరిగి మొదలైన మోటారు ఏదో నాకు తెలియదు.

ఆ తర్వాత నేను చేసినది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ప్రతి మధ్యాహ్నం ముందుగదిలో గిటారును ఆంప్లిఫయరుకు కలిపి, స్విచ్చి వేసి, ఎదురుగా కుర్చీలో చేతులు జోడించి కూర్చునేవాణ్ని. హమ్ము ఆగుతుందేమోనని వినేవాణ్ని. ఆగితే చెప్పవలసిన మాట ఒకటి సిద్ధంగా ఉంచుకున్నాను. ఏడు వారాలు కూర్చున్నాను. ఆగలేదు.

ఒకనాడు ఖాజా వచ్చి నన్ను ఆ స్థితిలో చూశాడు. స్విచ్చి ఆపి, నా పక్కన కింద కూర్చున్నాడు.

"మేస్టారూ, చెల్లెమ్మ నాకొక పని చెప్పింది. హమ్ము రాని పికప్పు తెప్పించమంది, లోపలంతా రాగి రేకు అంటించమంది. సరుకు వచ్చేసరికి తను గిటారు సంచిలో పెట్టేసింది. అవి నా దగ్గరే ఉన్నయి. వేసేస్తానండి."

"వేస్తే?"

"ఇంక హమ్ము రాదండి. చెయ్యి ఉన్నా లేకపోయినా ఒకటే."

నేను వద్దన్నాను. గిటారు నా కూతురిదని, దాని మీద ఎవరూ స్క్రూ పెట్టడానికి వీల్లేదని గట్టిగా అన్నాను. ఖాజా బాధపడలేదు.

"ఎందుకు వెయ్యమన్నదో తెలుసా అండి? రెండు చేతులూ జోడించుకుని ప్రార్థన చేసుకోవాలని ఉందన్నా, అంది. అంతేనండి అడిగింది."

నేనే లేచి గిటారును సంచిలో పెట్టి అతని చేతికిచ్చాను. ఆమె బ్రతికి ఉండగా ఆమె చెప్పబోయిన ఒక్క మాట వినలేదు. ఈ ఒక్కటైనా వినాలి.

ఖాజా నాలుగు రోజుల్లో పని ముగించి తెచ్చాడు. స్విచ్చి వేశాడు. ఎర్రదీపం వెలిగింది. శబ్దం లేదు. నేను తీగల మీద చెయ్యి ఉంచాను, తీశాను. ఏ తేడా లేదు.

ఆ శనివారం తీగల మీద ఉన్న చెయ్యి ఎవరిదో, అసలు చెయ్యే ఉందో లేదో, నేను ఈనాటికీ చెప్పలేను. ఇప్పుడు మళ్ళీ ఆ చెయ్యి ఉన్నా, హమ్ము లేదు కనుక నాకు తెలియదు. అయినా మధ్యాహ్నం దాని ఎదురుగా కూర్చుంటూనే ఉన్నాను. సిద్ధంగా ఉంచుకున్న మాట, ఆమె విన్నదో లేదో తెలియకుండానే, రోజూ పైకి చెబుతున్నాను.