నూనె తాగిన దిండు

దిండుతో గది తుడిచిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? లేకపోతే నన్ను చూసుకోండి. భివండిలో మగ్గాలు నడిపే మావాళ్లలో ఇంత ఘనకార్యం చేసినవాడు మరొకడు లేడు.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కాలేదు. మేనమామ కూతురు సుగుణనే చేసుకున్నాను. ఆమె జగిత్యాల దగ్గర మా ఊళ్లో, నేనిక్కడ కూలీలుండే వరసగదుల చాల్‌లో ఒక గదిలో. కార్ఖానాలో మగ్గాల మోతకు మనిషి మాట వినపడదు, గదికొస్తే మాట్లాడే మనిషే లేదు. ఆమె కుట్టిచ్చిన బూరుగు దూది దిండొక్కటే నా సంసారం. నవ్వుతారు గానీ, ‘తిన్నవా?’ అని దాన్ని అడిగేవాణ్ణి కూడా.

ఇక వచ్చి నాతోనే ఉంటానని సుగుణ కబురు చేసింది. నా కాళ్లు నేల మీద నిలవలేదు. తలుపు కిర్రుమంటే ఆమె నిద్ర చెడుతుందని కార్ఖానాలో అడిగి డబ్బాడు మగ్గం నూనె తెచ్చాను. ఆలు రైలెక్కనే లేదు, అప్పుడే తలుపుకు నూనె! స్టూలెక్కాను, డబ్బా జారింది, గదంతా నూనె.

నీళ్లు పోశాను. నూనె నీళ్లమీదెక్కి గడప దాకా ఊరేగింది. పాలిస్టర్ దారాల వేస్టు తెచ్చి తుడిస్తే ఇటున్నది అటు పోయింది. పక్కగది లచ్చక్క తొంగిచూసింది.

“ఏందిరా గిది?”

“నూనె ఒలికిందక్కా. రేపు పొద్దుగాల సుగుణ దిగుతది!”

“నీ తెలివి తెల్లారిపోను! పాలిస్టర్ తోటి పోతదా? బూరుగు దూది ఏస్తె నీళ్లు ముట్టదు, నూనె సుక్క ఇడువదు.”

బూరుగు దూది! దిండు చించాను. ముక్కులోకి, మీసాల్లోకి పోయింది పోగా మిగిలింది నేలమీద పరిచాను. ఏమని చెప్పను, అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా తాగింది. దాన్ని బకెట్లోకి ఎత్తేసరికి నేల శుభ్రం. మీసం దువ్వుకున్నాను. ఫోన్ మోగింది.

“బావా, నేను రైలెక్కలే. చెల్లెకు నెల ముందే పురుడొచ్చింది. అమ్మ లేదాయె, నేనే ఉండాలె. ఇంకో మూన్నెల్లు ఆగుతవా?”

ఏడుపొచ్చింది. “ఆగుత” అన్నాను.

“రంది వెట్టుకోకు. నా దిండు మీద తలవెట్టి పండు. నేనే పక్కన ఉన్ననన్కో.”

నేను బకెట్ వంక చూశాను.

“ఇంతకు దిండు మంచిగున్నదా?”

“ఉన్నది. కడుపు నిండ తాగి పండుకున్నది.”

కాబట్టి చదువరులారా, భివండిలోని సకల మగ్గాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఎంత నూనె ఒలికినా నా చొక్కాతో తుడుస్తాను, లుంగీతో తుడుస్తాను, అదీ చాలకపోతే నేనే పడి దొర్లుతాను. ఉన్న ఒక్క తోడును మాత్రం చించి నేలకు రుద్దను.