పారబోయని మొదటి చుక్కలు

ఇన్నేళ్ళుగా నన్ను చూస్తే నాకే రోత. అన్నం కలుపుకుంటూ ఈ వేళ్ళకేసి చూశానంటే ఒక్కోసారి ముద్ద దిగదు. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, మీ మొహం నాకు కనబడదు. అందుకే మీకు చెబుతున్నాను.

తొంభైల మొదట్లో భిలాయిలో ఒక ప్రైవేటు ల్యాబులో పనిచేసేదాన్ని. గర్భిణుల ఉమ్మనీరు సిరంజిలో వచ్చేది. అందులో బిడ్డ కణాలుంటాయి. వాటికి రంగు పట్టించి మైక్రోస్కోపులో చూసేదాన్ని. కణం లోపల అంచున ముదురు చుక్క ఉంటే ఆడపిల్ల. బోర్డు మీద మాత్రం పుట్టబోయే బిడ్డ జబ్బులు కనిపెడతామని ఉండేది. జబ్బు గురించి అడిగినవాళ్ళు ఒక్కరూ నాకు గుర్తులేరు.

సెక్టర్ 6లో మా పక్క క్వార్టర్ సత్యవతక్క కూడా వచ్చింది. విజయనగరం వాళ్ళు, వాళ్ళాయనకు స్టీలు ప్లాంటులో ఉద్యోగం. అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు. ఆమె సిరంజిలో నీరు ఎర్రగా ఉంది. సూది గుచ్చగానే వచ్చే మొదటి చుక్కలు పారబోయాలి. రక్తం కలిసిందంటే మళ్ళీ తీయించాలి, లేకపోతే తల్లి కణాలే కనబడతాయి. తల్లి ఎలాగూ ఆడదే. ఇది నాకు తెలియదా? తెలుసు. కానీ మళ్ళీ తీయమంటే డాక్టరుగారు విసుక్కుంటారు, పైగా సాయంత్రానికల్లా తేల్చి చెప్పేస్తానని నాకో గొప్ప పేరు. చుక్క కనబడింది. ఆడపిల్ల అన్నాను.

అక్క కడుపు తీయించుకుంది. తీశాక చూస్తే మగపిల్లాడు.

కాస్త లేచి తిరగ్గలిగాక వచ్చి మా గుమ్మంలో కూర్చుంది.

"సెల్లీ, నువ్వు సరిగ్గానే సూసినావా?"

"సూసినానక్కా. టెస్టుకి ముందు ఏటైనా మందు మింగినావేటి?"

బయటికి ఓసారి చూసి గొంతు తగ్గించింది. "కుమ్హారిలో ఒక నాటు బైద్ దవాయి పొడి ఇచ్చినాడు, మగపిల్లోడు పుడతాడని. ఇంట్లో ఎవుళికీ సెప్పనేదు."

"అదే టెస్టుని తేడా సేసిందక్కా" అన్నాను.

అంత తేలిగ్గా ఎలా వచ్చింది ఆ మాట? ఆమె నమ్మింది. తను మింగిన పొడే తన కొడుకుని పొట్టన పెట్టుకుందని నమ్మి, ఏడుస్తూ అత్తగారితోనూ చెప్పేసింది. ఆ ముసలామె బతికున్నన్నాళ్ళూ కోడల్ని "కొడుకుని మింగినదానా" అనే పిలిచింది. గోడ ఇవతల నాకు వినబడేది. నేను టీవీ సౌండు పెంచుకునేదాన్ని. ఛీ, ఏం మనిషిని?

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. రాస్తుంటే ఇంకొకటి తెలిసొచ్చింది, అసలు రోత అదే. నేను ఇన్నేళ్ళూ కుమిలింది ఆ ఒక్క మగపిల్లాడి కోసమే. అంతకుముందూ ఆ తర్వాతా ఎందరికో సరిగ్గా చూసి, ఉన్నది ఉన్నట్టు ఆడపిల్ల అని చెప్పాను. వాళ్ళూ కడుపులు తీయించుకున్నారు. వాళ్ళలో ఒక్కరి పేరైనా నాకు గుర్తుందా? లేదు. పని బాగా చేశానని ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. చెప్పేశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకూ నామీద నాకు అసహ్యంగానే ఉంది.